నిమ్మరసంలో తెల్లబడ్డ రొయ్య ఉడికినట్టు కాదమ్మా

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది సోంపేట. మా వారికి 52 ఏళ్లు, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ వేసుకుంటారు. మా అమ్మాయి వీడియో చూసి పచ్చి రొయ్యలు నిమ్మరసంలో నానబెట్టి కీరా, క్యాప్సికం, పంపరపనస తొనలు కలిపి సలాడ్ చేస్తానంటోంది. రొయ్యలు తెల్లబడితే ఉడికినట్టేనట. తినొచ్చా?

జవాబు: అలా మాత్రం తినొద్దమ్మా. నిమ్మ పులుపుకి రొయ్యలో ప్రోటీన్ గట్టిపడి తెల్లగా అవుతుంది, చూడ్డానికి ఉడికినట్టే ఉంటుంది, కానీ లోపలున్న క్రిములు చచ్చిపోవు. సముద్రం నీళ్లలో విబ్రియో అనే బాక్టీరియా ఉంటుంది, ఎండలు ముదిరితే ఇంకా పెరుగుతుంది, దానికి నిమ్మరసం చాలదు, వేడే కావాలి. బారువ నుంచి పొద్దున్నే తెచ్చిన తాజా సరుకైనా అంతే.

సలాడ్ మానేయమని కాదు, మంచి తిండే అది, వరస మార్చమంటున్నాను అంతే. రొయ్యలు ఒలిచి, వీపు మీద నల్ల నరం లాగేసి, తెర్లుతున్న ఉప్పునీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచండి, పెద్దవైతే ఇంకొంచెం. పైన గులాబీ రంగు వచ్చిందని దించేయకుండా లావుగా ఉన్న చోట ఒకటి విరిచి చూడండి, లోపల అద్దంలా మెరుస్తుంటే ఇంకా పచ్చిదే, తెల్లగా అయిపోతే దించేయొచ్చు. చల్లారాక నిమ్మరసం, కొంచెం నూనె, మిరియాల పొడి, కొత్తిమీర కలిపి పోయండి. పచ్చి రొయ్యలు కోసిన చాకు, పలక సబ్బుతో కడక్కుండా కీరా కోయొద్దు, చాలా ఇళ్లల్లో తేడా చేసేది అక్కడే. కలిపిన సలాడ్ రెండు గంటలకి మించి బయట ఉంచొద్దు, మండే ఎండల్లో అయితే గంటే.

ఇక పంపరపనస. అటోర్వాస్టాటిన్‌ని ఒంట్లో కరిగించే ఎంజైమ్ ఒకటి పేగుల్లో ఉంటుంది, పంపరపనస, దాని చుట్టం గ్రేప్‌ఫ్రూట్ ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటాయి, దాంతో రక్తంలో మందు మోతాదు పెరిగి కండరాల నొప్పులు రావచ్చు. మీ వారి గిన్నెలో అది వద్దు, కమలా తొనలు వేయండి, రంగూ బాగుంటుంది. నిమ్మకాయతో ఇబ్బంది లేదు. రొయ్యల్లో కొలెస్ట్రాల్ ఉన్న మాట నిజమే గానీ చెడు కొవ్వు తక్కువ, వేపుడు కాకుండా ఇలా వారానికి ఒకటి రెండు సార్లు తింటే పర్లేదు.

రొయ్యలు, పీతలు తిన్నాక ఎప్పుడైనా దద్దుర్లు, పెదాలు వాయడం, ఆయాసం వచ్చిన వాళ్లకి ఒక్క ముక్క కూడా పెట్టొద్దు. ఎవరికైనా విరేచనాలు మొదలైతే వెంటనే ఓఆర్ఎస్ పట్టండి, జ్వరం, రక్తం కనిపిస్తే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇంకో మాట, మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం కాబట్టి అడుగుతున్నా, మీ వారికి క్రియాటినిన్, అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, చేయించారా? అది ఎక్కువుంటే రొయ్యలు, కమలా, టమాటా, ఉప్పు ఎంతెంత తినాలో ఆయన్ని చూసే డాక్టరే చెప్పాలి, ముందు ఆ టెస్ట్ చేయించండి.