దొరికిన రొట్టె ఎవరిది? – యూదు విద్యపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: న్యూజెర్సీలోని ఒక యూదు పాఠశాలలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సైన్సు టీచరుగా చేరబోతున్నాను. అక్కడ ఉదయం పూట యూదు విద్య, మధ్యాహ్నం మిగిలిన సబ్జెక్టులు ఉంటాయట. ఇంటర్వ్యూ రోజున ఒక గదిలో పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చుని గట్టిగా వాదించుకోవడం చూశాను. టీచరు వారించలేదు. వాళ్ళు చదువుతున్నది ఏమిటి? దానికీ నా పాఠానికీ సంబంధం ఏమైనా కల్పించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: మీరు చూసినది అల్లరి కాదు, ఆ చదువు సాగే పద్ధతే అది. ఇద్దరు విద్యార్థులు ఒకే పుటను ముందు పెట్టుకుని, ఒకరు పైకి చదివి అర్థం చెబుతుంటే రెండోవారు అడ్డుప్రశ్నలు వేస్తూ సాగించే ఈ చదువును ‘హవ్రూతా’ అంటారు. అటువంటి పాఠశాలలో నేను తొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పాను. చేరిన మొదటి నెలలో పక్క గదిలో చప్పుడు విని, తగవు జరుగుతున్నదనుకుని తలుపు తీస్తే, పన్నెండేళ్ళ పిల్లలిద్దరు ఒక రొట్టె గురించి వాదించుకుంటున్నారు. ఆ రొట్టె సంగతి కాస్త వివరంగా చెబుతాను. ఈ వయసు పిల్లలకు యూదు విద్య ఎలా చెప్పాలన్న ప్రశ్నకు నాకు దొరికిన మంచి సమాధానం అందులోనే ఉంది.

ఎవరో పోగొట్టుకున్న ఎద్దు గాని, గొర్రె గాని, బట్ట గాని కంటబడితే చూసీ చూడనట్లు పోకూడదని, దాన్ని తిరిగి అప్పగించాలని తోరాలోని (మోషే గ్రంథాలుగా చెప్పే ఐదు కాండాలు) ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీ (ధర్మపండితుడు) యెహూదా హనాసీ కూర్చిన యూదు ధర్మసంకలనం ‘మిష్నా’ ఆ ఆజ్ఞను వీధిలో నిలబెట్టి పరీక్షిస్తుంది. ‘బావా మెత్సియా’ అనే భాగంలోని రెండవ అధ్యాయమంతా ఈ చర్చే. దొరికిన వస్తువుల్లో ఏవి దొరికినవాడికే చెందుతాయి, ఏవి నలుగురిలో చాటించి సొంతదారుకు ఇవ్వాలి అని అది వరుసగా చెబుతుంది. చెల్లాచెదురుగా పడి ఉన్న పండ్లు, నాణేలు, అంగడిలో కాల్చిన రొట్టెలు దొరికినవాడివే. సంచిలో ఉన్న నాణేలు, ఇంట్లో చేసుకున్న రొట్టెలు మాత్రం చాటించాలి. గెమారా, అంటే మిష్నాపై తరువాతి పండితులు చేసిన చర్చ, పిల్లలకు తొలిసారి పరిచయం చేసేటప్పుడు చాలా పాఠశాలలు ఈ అధ్యాయంతోనే మొదలుపెడతాయి.

అంగడి రొట్టెకూ ఇంటి రొట్టెకూ తేడా ఎందుకో ఆ వాక్యంలో లేదు. పిల్లలే ఆలోచించి చెప్పాలి. ఆ రోజు ఒక అమ్మాయి తన లంచ్ బాక్సులోంచి శుక్రవారం నాటి ‘హల్లా’ రొట్టె ముక్క తీసి, జడలాగా అల్లిన ఆ రొట్టెను జతగాడికి చూపించి, “మా అమ్మమ్మ ఎప్పుడూ నాలుగు పాయలే వేస్తుంది, చివర ఇలా లోపలికి మడుస్తుంది, ఇది ఎక్కడ పడిపోయినా మాదేనని చెప్పగలను” అన్నది. అంతే, విషయం తేలిపోయింది. అంగడి రొట్టెలన్నీ ఒక్కలాగే ఉంటాయి గనుక పోగొట్టుకున్నవాడు ఆనవాలు చెప్పలేడు, చెప్పలేడు గనుక దాని మీద ఆశ వదులుకుంటాడు. ఇంటి రొట్టెకు చేసిన చేతి ఆనవాలు ఉంటుంది. హీబ్రూలో ‘సిమాన్’ అన్న మాటకు మన ‘ఆనవాలు’ ఎంత చక్కగా సరిపోతుందో అప్పుడే నాకు తెలిసింది.

అక్కడితో ఆగితే అది నీతికథ అయిపోయేది. గెమారా ఆగదు. వస్తువు పోయిందని సొంతదారుకు ఇంకా తెలియనే తెలియదు, తెలిస్తే మాత్రం తప్పక ఆశ వదులుకునేవాడే, అప్పుడు దాన్ని వదులుకున్నట్లా, కాదా? అబయే అనే పండితుడు కాదంటాడు, రావా అవునంటాడు. ఇద్దరి వాదాలనూ పుటల కొద్దీ పరీక్షించి, చివరకు అబయే మాటనే న్యాయంగా తీసుకుంటారు. అయినా ఓడిన రావా వాదనలో ఒక్క మెట్టు కూడా కొట్టివేయకుండా భద్రంగా ఉంచారు. పన్నెండేళ్ళ పిల్లవాడికి ఇంతకంటే గొప్ప పాఠం చెప్పగలమని నేను అనుకోను.

లెక్కల టీచరుగా నన్ను కట్టిపడేసిన చోటు ఇంకొకటి ఉంది. ‘చెల్లాచెదురు’ అంటే ఎంత అని గెమారా అడుగుతుంది. నాలుగు మూరల మేర ఒక ‘కవ్’ అని రబ్బీ ఇస్హాక్ జవాబు (కవ్ అంటే మన మానిక, కుంచం వంటి పాత కొలత). వెంటనే రబ్బీ యిర్మియా, రెండు మూరల్లో అర కవ్ ఉంటే ఏమిటి, ఎనిమిది మూరల్లో రెండు కవ్‌లు ఉంటే ఏమిటి అని అడుగుతాడు. ఏరుకునే శ్రమ ఎక్కువని సొంతదారు వదిలేస్తాడా, సరుకు విలువ తక్కువని వదిలేస్తాడా అన్నదే ఆ ప్రశ్నలోని మెలిక. ప్రశ్నకు సమాధానం దొరకదు. ‘తేకు’ అని, అంటే ‘ఇది ఇలాగే నిలిచి ఉండనీ’ అని గ్రంథం ముందుకు సాగుతుంది. ఆ మాట దగ్గరికి వచ్చిన రోజున నా తరగతిలో పిల్లలు నేల మీద సుద్దతో చతురస్రాలు గీసి, చిక్కుడు గింజలు పోసి, ఏరడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూశారు. మీరు సంబంధం కల్పించుకోవచ్చా అని అడిగారు కదా, ఇటువంటి చోట్లే వెదకండి.

తోరా పాఠం ఆరవ తరగతి నుంచి రాషీ వ్యాఖ్యతో గట్టిగా నడుస్తుంది. రాషీ (1040–1105) ఫ్రాన్సులోని త్రోయ్ నగరవాసి. మల్లినాథసూరి వ్యాఖ్య లేకుండా మనవాళ్ళు రఘువంశం పాఠం చెప్పుకోనట్లే, అక్కడ రాషీ లేనిదే తోరా పాఠం లేదు. మంచి టీచరు రాషీ ఏమన్నాడో ముందుగా అప్పజెప్పించదు. మూలవాక్యం చదివించి, ఈ మాట దగ్గర రాషీ ఎందుకు ఆగి ఉంటాడని అడుగుతుంది. అరమాయిక్ (గెమారా భాష), హీబ్రూ మూలాలు ఈ వయసుకు భారమని, పండుగలూ విలువలూ ఇంగ్లీషులో చెబితే చాలని వాదించే తల్లిదండ్రులను నేను చాలామందిని కలిశాను. వారి బాధ నిజమే. కానీ ఏడాదికి పది పుటలే నడిచినా సరే, పిల్ల తన వేలు మూలం మీద పెట్టి చదవాలన్నదే నా అభిప్రాయం.

ఈ తరగతుల్లోనే అబ్బాయిలకు పదమూడేళ్ళు, అమ్మాయిలకు సంప్రదాయం ప్రకారం పన్నెండేళ్ళు నిండి, ధర్మబాధ్యతలు వారి భుజాల మీదికి వస్తాయి. ఆ సందర్భంలో జరిగే ‘బార్ మిత్స్వా’ వేడుక కోసం తోరా చదవడం నేర్చుకునే అబ్బాయి పరిస్థితి మన వేదపాఠశాల విద్యార్థికి బాగా తెలిసినట్లు ఉంటుంది, ఎందుకంటే అక్షరంతో పాటు స్వరమూ తప్పకూడదు. అయితే ఒక పెద్ద తేడా ఉంది. వేదం గురుముఖతః విని కంఠస్థం చేసేది. తోరా ఎంత కంఠతా వచ్చినా ప్రార్థనాసభలో చుట్టగా చుట్టిన రాతప్రతిని చూసే చదవాలి, ఆ ప్రతిలో మాత్రం అచ్చుల గుర్తులు గాని స్వరచిహ్నాలు గాని ఉండవు. కాబట్టి ఆ వారాల్లో మీ తరగతిలో ఒక పిల్లవాడు పరధ్యానంగా పెదవులు కదుపుతుంటే కోప్పడకండి.

మీకు తక్షణం పనికివచ్చే సంగతులు కొన్ని. ఈస్టు ప్రయోగాలు ఏడాది మొదట్లోనే ముగించండి, ఎందుకంటే వసంతంలో వచ్చే పస్కా పండుగకు ముందు పులిసిన పిండి ఆనవాలు కూడా లేకుండా బడి, ఇల్లు శుభ్రం చేస్తారు. దేవుని నామం హీబ్రూలో రాసి ఉన్న కాగితాలను చెత్తబుట్టలో వేయకండి, వాటిని దాచే పెట్టె వేరే ఉంటుంది. చంద్రకళల పాఠం మాత్రం తప్పకుండా యూదు విద్య టీచరుతో కలిసి చెప్పండి. వారి పంచాంగంలో 19 ఏళ్ళ చక్రానికి 7 అధిక మాసాలు వస్తాయి, అవి 3, 6, 8, 11, 14, 17, 19వ ఏళ్ళలో. మన అధిక మాసం సూర్యసంక్రమణం లేని నెలను బట్టి వేరువేరు చోట్ల పడుతుంది. వారికి మాత్రం ఎప్పుడూ ‘అదార్’ నెలే రెండవుతుంది, పస్కా వసంతంలోనే రావాలి గనుక. మీ ఇంటి గోడ మీది తెలుగు క్యాలెండరు తీసుకెళ్ళి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించండి, పిల్లలు మిమ్మల్ని వదలరు.

ప్రశ్న: గుంటూరు జిల్లాలో ఎనిమిదో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతాను. యూదులంటే క్రైస్తవులేనా అని పిల్లలు అడుగుతున్నారు. ఎలా చెప్పాలి?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మోషే, దావీదు పేర్లు మీ పిల్లలకు తెలుగు బైబిలు ద్వారా, ఇంటింటి పేర్ల ద్వారా ముందే తెలుసు గనుక అక్కడినుంచే మొదలుపెట్టండి. వారి కథలున్న గ్రంథాలు యూదులకూ క్రైస్తవులకూ పవిత్రమే, కానీ రెండూ వేరువేరు మతాలు. యూదులు వాటిని ‘పాత నిబంధన’ అనరు, వారికి అది పాతది కాదు. ‘తనఖ్’ అంటారు. పుస్తకాల వరుస కూడా వేరు, క్రైస్తవుల పాత నిబంధన మలాకీతో ముగిస్తే యూదుల తనఖ్ దినవృత్తాంతములతో ముగుస్తుంది. బోర్డు మీద ఈ రెండు వరుసలూ రాస్తే సగం సందేహం తీరుతుంది. తరువాత మన దేశంలోని యూదుల గురించి చెప్పండి. కొంకణ తీరపు బెనె ఇజ్రాయేలీలు, 1568లో కొచ్చిలో పరదేశి సినగాగ్ కట్టుకున్నవారు, బాగ్దాదీ యూదులు, అందరూ ఇక్కడివారే.

మీ జిల్లాలోనే చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వారు తమను ప్రాచీన ఇశ్రాయేలీయుల్లోని ఎఫ్రాయిము గోత్రం వారమని చెప్పుకుంటూ, శనివారం విశ్రాంతి దినంగా పాటిస్తూ, తమ పిల్లలకు హీబ్రూ నేర్పుకుంటున్నారు. వారి సంగతి తరగతిలో గౌరవంగా చెప్పండి. ముందుగా పెద్దలను అడగకుండా పిల్లలను బస్సెక్కించి చూపించడానికి మాత్రం తీసుకెళ్ళకండి.

ప్రశ్న: నాజీలు యూదులపై జరిపిన మారణకాండ (హోలోకాస్ట్) గురించి ఏ వయసులో చెప్పవచ్చు?
– ఒక తల్లి, హైదరాబాదు

జవాబు: ఆరవ తరగతి నుంచి చెప్పవచ్చునని వాషింగ్టన్‌లోని అమెరికా హోలోకాస్ట్ స్మారక మ్యూజియం సూచిస్తుంది. నా అనుభవమూ అదే. 60 లక్షల మంది అన్న అంకె పిల్లలకు అందదు గనుక ఒక్క కుటుంబంతో, అదీ యుద్ధానికి ముందు వారి మామూలు రోజులతో మొదలుపెట్టండి. బడి, పండుగ వంట, అన్నదమ్ముల తగవులు తెలిసిన తరువాతే ఏమి పోయిందో అర్థమవుతుంది. శవాల ఫోటోలు వద్దు. పిల్లలను ఖైదీలుగా, సైనికులుగా నటింపజేసే ‘యాక్టివిటీలు’ అసలే వద్దు. అటువంటి వాటిని ఆ మ్యూజియం కూడా గట్టిగా వారిస్తుంది. మీ పాప యూదుల గురించి వినే మొదటి మాట ఇదే కాకుండా చూడండి, పైన చెప్పిన రొట్టె సంగతి ముందుగా చెప్పినా చాలు. పడుకోబోయే ముందు ఈ మాట ఎత్తకుండా, సెలవు రోజు పొద్దున్నే చెబితే, రోజంతా వచ్చే ప్రశ్నలకు మీరు పక్కనే ఉండగలుగుతారు.