శ్రీశైలం బయలుదేరే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పాత మారుతి 800 కొన్నావనీ, దాని స్టీరింగ్‌ను ముందు చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు నీ చేతులతోనే మార్చి అమ్మానాన్నలను దోర్నాల ఘాట్ మీదుగా శ్రీశైలం తీసుకువెళతావనీ అక్క ఫోనులో చెప్పింది. అప్పటి నుంచి ఒక పక్క గర్వంగానూ, ఒక పక్క గుబులుగానూ ఉంది. షెడ్డుకు ఇవ్వమని మాత్రం చెప్పను, చెప్పినా వినవు.

నువ్వు స్టీరింగ్ తిప్పితే కాలమ్ తిరిగి, దాని అడుగున ఉన్న పినియన్ అనే చిన్న పళ్ళచక్రం ర్యాక్ అనే పళ్ళకడ్డీని ఎడమకో కుడికో జరుపుతుంది. ఆ కడ్డీ రెండు కొసల నుంచి వచ్చే టై రాడ్లు, వాటి చివరి ఎండ్ల ద్వారా, చక్రాన్ని మోసే నకిల్ చేతిని నెట్టడమో లాగడమో చేస్తాయి. నీ బండికి పవర్ స్టీరింగ్ లేదు కనుక ఏ తేడా వచ్చినా ముందుగా నీ అరచేతికే తెలుస్తుంది.

ముందు చక్రాన్ని జాకీతో లేపి, స్టాండు పెట్టాక, ఎడమ కుడి అంచులు పట్టుకుని ఊపితే ప్లే, అంటే వదులు, ఉన్నదీ లేనిదీ బయటపడుతుంది. ర్యాక్ కొసలను కప్పే రబ్బరు బూటు చిరిగితే దుమ్ము చేరి పళ్ళు అరిగిపోతాయి, ఆ బూటు మార్చు. పాత ఎండ్ ఎన్ని చుట్లకు ఊడివచ్చిందో లెక్కపెట్టి కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కించు. ఆ తరువాత చక్రాల అలైన్‌మెంట్ చేయించు.

ఇక స్ప్లిట్ పిన్ను సంగతి. ఎండ్‌కు ఉండే స్టడ్ అనే మరకడ్డీ మీది నట్టు ఊడిపోకుండా, నట్టు గాడిలోంచి స్టడ్ రంధ్రంలోకి దూర్చి కాళ్ళు వంచే చిన్న పిన్ను అది. 1996లో నేనూ ఇలాగే, శ్రీశైలం ప్రయాణానికి ముందురోజు రాత్రి, నా 800కు ఎడమ ఎండ్ మార్చాను. నట్టు బిగించాను కానీ దాని గాడి స్టడ్ రంధ్రానికి ఎదురు రాలేదు. అలాంటప్పుడు ఇంకొంచెం బిగించి గాడిని కలపాలే తప్ప వెనక్కి వదులు చేయకూడదు. ఇంతలో మీ అత్తయ్య భోజనానికి పిలిచింది. తిని వచ్చి వేద్దామని పిన్ను చొక్కా జేబులో వేసుకున్నాను. తిన్నాక నిద్ర ముంచుకొచ్చింది.

మర్నాడు ఘాట్ దిగుతుంటే ప్రతి మలుపులోనూ ఎడమ పక్క నుంచి టక్కుమని చప్పుడు వచ్చింది. షాక్ అబ్జార్బరేమో, ఇంటికి వెళ్ళాక చూద్దాం అనుకున్న నా బద్ధకాన్ని ఇప్పటికీ క్షమించుకోలేను. దోర్నాల దగ్గర టీ కోసం ఆగబోతూ స్టీరింగ్ తిప్పితే కుడి చక్రం తిరిగింది, ఎడమది తిరగలేదు. ఘాట్ కుదుపులకు నట్టు పూర్తిగా ఊడి, ఎండ్ నకిల్ చేతి నుంచి జారిపోయింది. వేగం తక్కువ కావడం వల్ల బండి పక్కనున్న గుంటలోకి దిగి ఆగింది. అదే జరగడం పది నిమిషాల ముందైతే లోయ పక్కన జరిగేది. చెమట తుడుచుకుందామని రుమాలు తీస్తే దానితోపాటు పిన్ను కింద పడింది. మీ అత్తయ్య వంగి తీసి నా చేతిలో పెట్టింది; ఒక్క మాటైనా అనలేదు. తిట్టి ఉంటే కొంత భారం దిగేది.

కాబట్టి, తల్లీ, ఎవరు పిలిచినా పిన్ను కాళ్ళు రెండూ వంచేదాకా లేవకు. పాత పిన్ను మళ్ళీ వాడకు, దాని బదులు తీగ చుట్టకు. బయలుదేరే ముందు రెండు పక్కలా వేసిన పిన్నుల ఫొటో దగ్గరగా తీసి నాకు పంపు. మీ అత్తయ్య కూడా చూస్తానంటోంది.

మీ మామయ్య