పైకప్పు నివేదిక ఎవరు రాయాలి?

ప్రశ్న: మొన్నటి గాలివానకు మా మేడమీది గది రేకులు కొన్ని లేచిపోయాయి, మిగిలిన కప్పు కారుతోంది. ఇంటికి భారత్ గృహ రక్ష బీమా పాలసీ ఉంది. రేకులు వేసే కాంట్రాక్టరు తానే పైకప్పు నష్టం నివేదిక రాసిస్తానని, వచ్చిన క్లెయిములో పదో వంతు తనకివ్వాలని అంటున్నాడు. తనకు లైసెన్సు ఉందని కూడా చెబుతున్నాడు. ఒప్పుకోవచ్చా?
- ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ఒప్పుకోవద్దు. ఎన్ని రేకులు కావాలి, ఏ మందంలో, గొట్టాలకూ కూలీకీ ఎంతవుతుంది అన్న లెక్క ఆయన రాయవచ్చు. ఆ ఎస్టిమేటు, నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయరుకు పనికొస్తుంది కూడా. అయితే నష్టం దేనివల్ల జరిగింది, పాలసీ ప్రకారం ఎంత చెల్లించాలి అన్నది తేల్చే పని, నిర్ణీత మొత్తం దాటిన క్లెయిముల్లో, 1938 నాటి బీమా చట్టం 64యూఎం సెక్షన్ ప్రకారం బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఉన్న సర్వేయరుదే. ఆయన చెప్పేది నగరపాలక సంస్థ ఇచ్చే లైసెన్సయితే, అది ఇళ్ల ప్లాన్ల కోసం. దాన్ని చూపించి బీమా నష్టాన్ని లెక్కగట్టడం కుదరదు.

అసలు చిక్కు వాటాలో ఉంది. నష్టం పెరిగినకొద్దీ తన రాబడి పెరిగే మనిషి, పైగా ఆ మరమ్మతు పనీ తానే చేయబోయే మనిషి, రాసే కాగితాన్ని కంపెనీ ఎందుకు నమ్మాలి? తుఫాను, గాలివాన నష్టం ఈ పాలసీలో ఉంది గాని ఏళ్లతరబడి పట్టిన తుప్పుకు, అరుగుదలకు పరిహారం లేదు. పాత చిల్లులను గాలివాన ఖాతాలో రాయిస్తే, నిజంగా ఎగిరిపోయిన రేకులకు రావలసిన డబ్బు కూడా పోయే ప్రమాదం ఉంది. క్లెయిము ఫారం మీద సంతకం మీదే కాబట్టి జవాబు చెప్పుకోవలసిందీ మీరే.

వెంటనే కంపెనీకి తెలియజేయండి. ఫొటోలు తీసిన తరువాత టార్పాలిన్ పట్టా కప్పి గదిని కాపాడుకోండి గాని, ఊడిన రేకులను సర్వేయరు చూసేదాకా పాత ఇనుము కొట్టుకు వేయకండి. కంపెనీ పంపే సర్వేయరుకు మీరు రుసుము ఇవ్వనక్కరలేదు. ఆయన లైసెన్సు వివరాలు అడిగి సరిచూసుకోండి. మీ తరఫున మీరే పెట్టుకున్న ఆర్కిటెక్టు, సర్వేయరు, కన్సల్టింగ్ ఇంజినీరుకు చెల్లించవలసి వచ్చిన సమంజసమైన ఫీజును క్లెయిము మొత్తంలో 5 శాతం వరకు పాలసీయే భరిస్తుంది. కాంట్రాక్టరు వాటా అందులోకి రాదు.

సర్వే నివేదిక ప్రతిని అడిగి తీసుకోండి. అంకెలు అన్యాయమనిపిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోగా బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి అయిన, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.