తాతగారి స్టాంపుల ఆల్బం అమ్మేశాం, తిరిగి అడగొచ్చా?

ప్రశ్న: మా తాతగారి స్టాంపుల ఆల్బం పోయిన దసరాకి ఒకాయనకి ఆరు వేలకు అమ్మాం. ఆయన చాలా ఏళ్లుగా స్టాంపులు సేకరిస్తున్నారు. భూతద్దంతో ఒక పేజీ దగ్గర చాలాసేపు ఆగి, ‘అన్నీ మామూలువేనండీ’ అన్నారు. వాట్సాప్‌లోనూ అదే రాశారు. ఆ పేజీ ఫొటో నా ఫోన్‌లో ఉంది. అందులో పది రూపాయల గాంధీ స్టాంపు మీద ‘సర్వీస్’ అని ఉంది. అది చాలా అరుదైనదని ఇప్పుడు తెలిసింది. తిరిగి అడగొచ్చా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మా, ముందు స్టాంపు సంగతి. గాంధీజీ స్టాంపులు 1948 ఆగస్టు 15న వచ్చాయి. గవర్నర్ జనరల్ వాడకం కోసం పది రూపాయల స్టాంపుల్లో ఒక వందింటి మీద మాత్రమే ‘సర్వీస్’ అని నల్ల సిరాతో అచ్చేశారు. అందుకే మామూలు స్టాంపు మీద ఆ ముద్ర కొట్టిన నకిలీలు కూడా తిరుగుతుంటాయి. అక్షరాల అంచులు, సిరా భూతద్దం కింద చూస్తేగాని నిపుణులైనా తేల్చలేరు. ఫొటో చూసి ఆశ పెంచుకోకండి.

ఇక చట్టం. చవగ్గా అమ్మేశామన్న ఒక్క కారణంతో అమ్మకం రద్దు కాదు. విలువ విషయంలో పొరబడటం లెక్కలోకి రాదని 1872 కాంట్రాక్టు చట్టం 20వ సెక్షన్ వివరణే చెబుతోంది. ఆయన ఏమీ మాట్లాడకుండా డబ్బిచ్చి వెళ్లి ఉంటే మీ కేసు నిలవడం కష్టమయ్యేది. కానీ ఆయన నోరు విప్పి ‘మామూలువే’ అన్నారు. అరుదైనదని తెలిసి అలా అన్నారని రుజువైతే 17వ సెక్షన్ ప్రకారం అది మోసం. 19వ సెక్షన్ కింద అమ్మకం రద్దు చేసుకోవచ్చు. ఆయన అనుభవం, ఆ పేజీ దగ్గర ఆగడం, వాట్సాప్ మెసేజ్, ఈ మూడూ మీకు బలం.

నాకు టెన్షన్‌గా ఉన్నది ఒక్కటే, ఆలస్యం. మీరు రద్దు చేసుకునేలోపు ఆయన దాన్ని విషయం తెలియని ఇంకొకరికి అమ్మేస్తే, వస్తువుల విక్రయ చట్టం 29వ సెక్షన్ ప్రకారం స్టాంపు వాళ్లదైపోతుంది. మీకు పరిహారం దావాయే మిగులుతుంది. కాబట్టి ఈ వారమే లాయర్ నోటీసు పంపించండి. అమ్మకం రద్దు చేసుకుంటున్నామని, ఆరు వేలు తిరిగి ఇచ్చేస్తామని అందులో స్పష్టంగా రాయించండి. వెంటనే సివిల్ కోర్టులో దావా వేసి, స్టాంపు చేతులు మారకుండా ఇంజంక్షన్ (ఆపే ఉత్తర్వు), నిపుణుల పరీక్ష అడగండి. మోసం తెలిసిన రోజు నుంచి మూడేళ్ల గడువు ఉంది.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లకండి. మీరు అమ్మినవారు, కొన్నవారు కాదు. ఫోన్ మార్చకండి, ఆ చాట్ చెరిపేయకండి. దాన్ని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద, ఆ చాట్ నకలు ఎలా తీశారో ధ్రువీకరించే సర్టిఫికెట్ కావాలి. ఆ సంగతి మీ లాయరుకి మొదటిరోజే చెప్పండి.