డయాలసిస్ మంచం పక్కన ప్రశ్నలు అడగబోతున్న అమ్మాయికి

హనుమకొండ

బిడ్డా, ఆశీస్సులు.

డయాలసిస్ చేయించుకునేవారి జీవన నాణ్యత మీద థీసిస్ చేస్తున్నావని, అందుకు కిడ్నీ జబ్బు ఉన్నవారి బతుకు ఎలా ఉందో అడిగే 36 ప్రశ్నల కేడీక్యూఓఎల్ పత్రాన్ని ఎంచుకున్నావని మీ నాన్న చెప్పాడు. డయాలసిస్‌లో రక్తం ఎంత శుభ్రపడిందో చెప్పే కేటీ/వీ లెక్క 1.2 దాటినంత మాత్రాన మనిషి కులాసాగా ఉన్నట్టు కాదు కనుక మంచి పనే పెట్టుకున్నావు. అయితే ఆ పత్రాన్ని ఎప్పుడు, ఎవరి ఎదుట నింపుతావన్న దానిమీదే జవాబుల నిజం ఆధారపడి ఉంటుందని, ఇన్నేళ్లు ఆ మంచాల మధ్య నర్సుగా తిరిగినదాన్నిగా చెబుతున్నాను.

వారానికి మూడుసార్లు ములుగు, భూపాలపల్లి వైపు నుంచి తెల్లవారుజాము బస్సు పట్టుకుని వచ్చి, నాలుగేసి గంటలు మిషన్ మీద ఉండే మనిషిని, బీపీ పడిపోయి పిక్కలు పట్టేసే చివరి గంటలో అడిగితే, ఆ గంట బాధే నీకు దొరుకుతుంది. పత్రం అడిగేది మాత్రం గడిచిన నాలుగు వారాల గురించి. అందరినీ మొదటి గంటలోనే అడుగు. రెండు రోజుల ఎడం తర్వాత ఒంట్లో నీరు చేరి ఆయాసంతో వచ్చే రోజును వదిలెయ్యి. నాలుగు వారాలంటే ఎంతో తెలియడానికి ఏ అమావాస్యనో, పండుగనో గుర్తు చెప్పు.

ఒకసారి కొడుకు పక్కనే ఉండగా ఒకామెను, ఇంట్లోవాళ్లకు భారమయ్యానని అనిపిస్తుందా అని అడిగాను. "ఎందుకనిపిస్తది, నా కొడుకు బంగారం" అంది. అతడు చాయ్ తేవడానికి వెళ్లగానే, సూది లేని చేత్తో నా చెయ్యి పట్టుకుని, "వాడు కూలి ఇడిసిపెట్టి వారానికి మూడొద్దులు నా ఎంబడే తిరుగుతుండు" అంది. అప్పటికే "అస్సలు నిజం కాదు" దగ్గర టిక్కు పెట్టేసిన నేను దాన్ని దిద్దలేదు, అది నా తప్పే. తోడు వచ్చినవారిని బయట కూర్చోబెట్టు. సూది గుచ్చే నర్సు చేత మాత్రం అడిగించకు, ఆమె మనసు నొచ్చుకుంటుందేమోనని మంచి జవాబులే చెబుతారు.

ఇంగ్లీషు మూలంలో ఓ మోస్తరు శ్రమకు ఉదాహరణగా గోల్ఫ్ ఆడటం, వాక్యూమ్ క్లీనర్ తోయడం ఉన్నాయి. మన దగ్గర వాటి స్థానంలో బిందె మోయడమో, వాకిలి ఊడ్వడమో ఉండాలి గానీ, ఆ మార్పు మంచం దగ్గర నిలబడి నీ నోటితో చేసేది కాదు. అనువాదాన్ని తెలుగు నుంచి మళ్లీ ఇంగ్లీషులోకి వేరొకరి చేత తిప్పించి సరిచూసి, కొద్దిమంది రోగుల దగ్గర పరీక్షించాక, ఆ మాటలనే అందరికీ ఒకేలా చదువు.

లెక్కకు వస్తే, లక్షణాలు, జబ్బు ప్రభావం, జబ్బు భారం అనే మూడింటికీ 0 నుంచి 100 వరకు మార్కులు వస్తాయి. మొదటి 12 ప్రశ్నల నుంచి వచ్చే శారీరక, మానసిక మార్కులు మాత్రం అమెరికా జనాభా సగటును 50గా పెట్టుకుని లెక్కగట్టినవి. కనుక ఈ రెండింటిలో 50, ఆ మూడింటిలో 50 ఒకటి కావు. అయిదింటినీ కలిపి ఒకే అంకె చేయమని ఎవరు చెప్పినా వినకు.

మొదటి పది పత్రాలు నిండగానే, పేర్లు లేకుండా పట్టుకుని ఇంటికి రా, ఖాళీగా వదిలిన ప్రశ్నలేవో కూర్చుని చూద్దాం.

నీ
పెద్దమ్మ