గేదెల మందు షిట్జూకు వద్దు

ప్రశ్న: మాకు ఆరు గేదెలున్నాయి. ఉద్యోగం మారడంతో మా అబ్బాయి తన రెండేళ్ల షిట్జూ కుక్కను మా దగ్గర వదిలి వెళ్లాడు. ఐదు కిలోలుంటుంది. ఎండలు ముదిరినప్పటి నుంచి ఒకటే రొప్పుతోంది. బొచ్చు ముద్దకట్టింది, చెవుల్లో గోమార్లు (పిడుదులు) ఉన్నాయి. గేదెలకు వాడే మందే దీనికీ వాడొచ్చా? గుండు గీయించమంటారా? పెరుగన్నం తప్ప ఏమీ ముట్టడం లేదు.
– ఒక పాడి రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: వాడకముందే అడిగి మంచి పని చేశారు. గేదెలకు పురుగులు, గోమార్లు పోవడానికిచ్చే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌కు 50 కిలోల బరువుకు 1 మి.లీ. లెక్క. సిరంజిలో అర మిల్లీ అటూఇటూ అయితే గేదెకు పెద్దగా తేడా తెలియదు. ఐదు కిలోల కుక్కకు మాత్రం ఆ అర మిల్లీ అదే లెక్కన ఐదు రెట్ల డోసు. తూలుతుంది, వణుకుతుంది, చూపు కూడా పోవచ్చు. పిచికారీ మందుతోనూ ఇబ్బందే. బొచ్చుకు పట్టిన మందును అది నాక్కుంటుంది కదా. కుక్కల కోసం బరువును బట్టి ఇచ్చే నమిలే మాత్రలున్నాయి. కొన్ని నెల రోజులు, కొన్ని మూడు నెలలు పనిచేస్తాయి. పశువైద్యుడు తూకం చూసి రాసిస్తారు. ఇదివరకు ఫిట్స్ వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి.

గోమార్లు వచ్చాయన్న నింద మీ గేదెల మీద వేయకండి. గేదెలను పట్టేవి, కుక్కను పట్టేవి సాధారణంగా వేరు వేరు జాతులు. కుక్క గోమారి కడుపునిండా రక్తం తాగి రాలిపడి, గోడ పగుళ్లలో, గడప సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. ఒంటి మీద ఎన్ని ఏరినా మళ్లీ కనిపించేది అందుకే. కుక్క పడుకునే చోట పగుళ్లు పూడ్చి సున్నం కొట్టించండి, పరుపు గుడ్డలు వేడినీళ్లలో ఉతకండి. ఏరిన వాటిని గోటితో చిదమకుండా సబ్బునీళ్లలో వేయండి. జ్వరం వచ్చినా, చిగుళ్లు పాలిపోయినా, మూత్రం కాఫీ రంగులో ఉన్నా టిక్ ఫీవర్ (గోమార్ల కాటుతో వచ్చే జ్వరం) కావచ్చు. రక్త పరీక్ష చేయించాలి.

ఇక రొప్పు. షిట్జూ టిబెట్, చైనా వైపు నుంచి వచ్చిన జాతి. దాని ముక్కు చప్పిడి. కుక్క ఒంటి వేడిని ప్రధానంగా రొప్పుతూనే తగ్గించుకుంటుంది. ముక్కు పొట్టిదైతే ఆ పని సరిగ్గా జరగదు. కాబట్టి రేకుల షెడ్డులో కట్టేయకండి. తడిపి తుడిచిన గచ్చు, ఫ్యాను, ఎప్పుడూ నీళ్లు ఉండాలి. నడక ఉదయం ఏడులోపు, మళ్లీ పొద్దుగూకాకే. మెడపట్టీ బదులు ఛాతీకి కట్టే బెల్టు వాడండి, గొంతు నొక్కుకోదు. మామూలుగా ఒంటి వేడి 101–102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 104 దాటినా, తూలినా, నాలుక ముదురు ఎరుపుకో నీలానికో తిరిగినా ముందు చల్లటి నీళ్లు పోసి ఫ్యాను పెట్టండి, ఆ వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.

గుండు మాత్రం వద్దు, చర్మం ఎండకు కాలుతుంది. అంగుళం పొడవు ఉంచి కత్తిరిస్తే చాలు. స్నానానికి ముందే దువ్వాలి, తడిస్తే ముద్దలు ఇంకా బిగుసుకుపోతాయి. కళ్ల మీద పడే వెంట్రుకలను మరిచిపోకండి. ఈ జాతికి కళ్లు ముందుకు పొడుచుకుని ఉంటాయి, వెంట్రుక గీరుకున్నా పుండు పడుతుంది. కన్ను మూసుకుపోయినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా ఆ రోజే చూపించండి. ఇంట్లో మిగిలిన చుక్కల మందు వేయకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే పుండు ఇంకా లోతుకు పోతుంది.

పెరుగన్నం విషమేమీ కాదు గానీ దానికి కావలసిన మాంసకృత్తులు అందులో చాలవు. కొద్దికొద్దిగా ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని కోడి మాంసం కలుపుతూ అన్నం తగ్గించండి. ఉల్లి, వెల్లుల్లి, కారం తగలనివ్వొద్దు. కూర పులుసు కలిపిన అన్నం పెట్టే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ కాబట్టి ఈ మాట నొక్కి చెబుతున్నాను. మన జ్వరం, నొప్పి మాత్రలూ వేయొద్దు.

టీకాల పుస్తకం ఫొటో తీసి పంపమని అబ్బాయికి ఫోన్ చేయండి. ఊర కుక్కలు తిరిగే చోట రేబిస్, పార్వో (వాంతులు, రక్త విరేచనాలయ్యే అంటువ్యాధి) టీకాల గడువు దాటిందేమో చూసుకున్నాకే దాన్ని గేటు దాటనివ్వండి.