పీడీఎఫ్ చదివితే దొంగతనమా, మేడం?

ప్రశ్న: అనంతపురంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. నాన్న కళ్యాణదుర్గం దగ్గర చెనిక్కాయ పండిస్తారు. పుస్తకాలు కొనలేక సీనియర్లు టెలిగ్రాంలో పెట్టే పీడీఎఫ్‌లతో నెట్టుకొస్తున్నా. అది దొంగతనమని నా రూమ్మేటు అంటోంది. ఫ్రీగా దొరికేవి పనికిరావని ఇంకొకరు. టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని

జవాబు: తల్లీ, కడపలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో చాలా ఏళ్లు పనిచేశాను. ఫిజికల్ కెమిస్ట్రీ పుస్తకం రెండే కాపీలుండేవి. ఒకసారి తిరిగొచ్చిన కాపీ తెరిస్తే థర్మోడైనమిక్స్ చాప్టరే లేదు. కుట్టు దగ్గర బ్లేడుతో కోసిన అంచులు వేలికి గరుగ్గా తగిలాయి. ఆ పిల్లాడి మీద కోపం రాలేదు. క్లాసు మొత్తాన్ని రెండు కాపీలకు వదిలేశామని బాధేసింది. అందుకే నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

అమ్మకానికున్న పుస్తకాన్ని ఎవరో స్కాన్ చేసి గ్రూపులో పెడితే అది అనుమతి లేని కాపీ. మీ రూమ్మేటు చెప్పింది నిజమే. కానీ రాసినవాళ్లే 'తీసుకోండి, పంచుకోండి' అని రాసిచ్చినవీ ఉన్నాయి. వాటినే ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్ అంటారు. 2002లో యునెస్కో సమావేశంలో పెట్టిన పేరది. పుస్తకం మొదటి పేజీల్లోనో, వెబ్‌పేజీ అడుగునో 'సీసీ' (CC) గుర్తు వెతుకు, అది క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్సుది. పక్కన 'బై' ఉంటే రాసినవాళ్ల పేరు చెప్పాలి. 'ఎన్‌సీ' ఉంటే వ్యాపారానికి వాడకూడదు. 'ఎన్‌డీ' ఉంటే మార్చి పంచకూడదు, అనువాదమూ అందులోకే వస్తుంది. చదవడానికి ఉచితమైనవన్నీ ఓపెన్ కావు, పంచేముందు ఈ గుర్తు చూసుకో.

పనికిరావన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. ఎన్‌పీటీఈఎల్ అనే ఉచిత ఆన్‌లైన్ వేదికలో పాఠాలు చెప్పేది ఐఐటీల, బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్లు. నీలాంటి పీజీ పిల్లల కోసమే యూజీసీ ఈ-పీజీ పాఠశాల అనే వెబ్‌సైట్ తయారుచేయించింది. అందులో పాఠం, వీడియో, మనల్ని మనం పరీక్షించుకునే ప్రశ్నలు ఉంటాయి. గూగుల్‌లో మొదలుపెట్టకు. సిలబస్ కాగితం ముందు పెట్టుకుని, యూనిట్ పేరుతో అక్కడ వెతుకు. ముందు పాఠం చదివి, తర్వాత వీడియో చూడు. బేసిక్స్ వదులుగా ఉన్నాయనిపిస్తే అమెరికాలోని రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్ కెమిస్ట్రీ పుస్తకం దించుకో. ఇంగ్లీషు ఇబ్బందైతే ఎన్‌పీటీఈఎల్‌లో కొన్ని కోర్సుల పాఠాలు తెలుగులో రాతరూపంలో ఉన్నాయి, నీ సబ్జెక్టులో ఉన్నాయేమో చూడు. 'స్వయం' అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో కోర్సు చదవడం ఉచితమే, సర్టిఫికెట్ పరీక్షకు ఫీజుంటుంది. డబ్బు కట్టేముందు ఆ క్రెడిట్లు మీ డిపార్ట్‌మెంట్ తీసుకుంటుందో లేదో అడుగు.

ఇంకో మాట. మా కడపలో బ్రౌన్ దొర పండితుల్ని పెట్టుకుని తెలుగు తాళపత్రాలకు సాపు ప్రతులు, అంటే శుభ్రంగా తిరగరాసిన కాపీలు, రాయించాడు. ఆయన బంగళా ఉన్నచోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. నువ్వూ ఒక సాపు ప్రతి రాయి. లైసెన్సు ఒప్పుకునే పాఠమొకటి ఎంచుకుని, నీకర్థమైనట్టు తెలుగులో నాలుగు పేజీలు రాసి, కింద మూలం పేరు వేసి, మీ హాస్టల్లో తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకివ్వు. థర్మోడైనమిక్స్‌తో మొదలుపెడితే నాకూ ఒక కాపీ పంపు తల్లీ.